గానుగ వీధిలో బీభత్స రసం

మా నందిరేవు పురపాలక సంఘం పరిధిలో ఏవగింపు రద్దయింది. ఎవరికీ దేని మీదా ఏవగింపు కలగకూడదు. కలిగినా పైకి కనపడకూడదు. ఈ మాట వినగానే మా ఊరు అద్దంలా తయారైందని మీరు అనుకుంటే, మీరు ఎన్నడూ ఏ ఆఫీసులోనూ పనిచేయలేదన్నమాట. ఊరు ఎప్పటిలాగే ఉంది. శుభ్రం చేసింది మాటల్ని.

నేను ఫిర్యాదుల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. పేరు గవర్రాజు. ఊరి జనం తిట్లన్నీ ముందు నా బల్ల మీద పడి, అక్కడ కాస్త చల్లారి, ఆ తరువాత పై అధికారుల దగ్గరికి వెళతాయి. అందుకే ఈ కథ మొదటి నుంచి చివరి దాకా చూసే యోగం నాకు పట్టింది.

మా కమిషనర్ మణిధర్ గారు ఎక్కడో చల్లటి కొండల మీద జరిగిన శిక్షణ శిబిరానికి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలుగా చిరాకు పడుతూనే వెళ్ళారు. వచ్చేటప్పుడు నవ్వుతూ వచ్చారు. పై అధికారి నవ్వుతూ వస్తే కింది ఉద్యోగి గుండె గుభేలుమనడం సర్కారు కొలువులో సహజం. కారు దిగగానే అందర్నీ సమావేశపు గదికి పిలిచారు.

"మిత్రులారా!" అన్నారు. అంతకుముందెప్పుడూ మమ్మల్ని అలా పిలిచిన పాపాన పోలేదు. "రాష్ట్ర స్థాయిలో 'ఏవగింపు రహిత పట్టణం' పోటీ ప్రకటించబడినది. ప్రథమ స్థానమును మన పట్టణం కైవసం చేసుకోవలసి ఉన్నది. ఇందు నిమిత్తం మీ సూచనలు ఆహ్వానించబడుచున్నవి."

శానిటరీ ఇన్‌స్పెక్టర్ పోలారావు కొత్తగా చేరినవాడు. పాపం, లోకజ్ఞానం లేదు. "చెత్త ఎత్తించేద్దామండి" అన్నాడు.

గదిలో అందరం అతని వంక జాలిగా చూశాం. అసిస్టెంట్ ఇంజనీరు భద్రం గారు గొంతు సవరించుకున్నారు. ఆయనకు రిటైర్మెంట్ దగ్గర పడింది. ఆయన సర్వీసంతా ఏ పనీ తన శాఖ కిందికి రాదని నిరూపించడంలోనే గడిచింది.

"చెత్త వేరు, ఏవగింపు వేరు. చెత్త రోడ్డు మీద ఉంటుంది. ఏవగింపు ప్రజల మనసులో ఉంటుంది. పోటీ చెత్త రహిత పట్టణానికి కాదు సార్."

"కరెక్ట్!" అన్నారు కమిషనర్. "పోటీ మనసు గురించి. ఇంతకీ ఏవగింపు అనగా ఏమి? నిర్వచనం లేనిదే నిర్మూలన ఎటుల సాధ్యం?"

ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఏవగింపు అంటే ఏమిటో మా అందరికీ తెలుసు. రోజూ ఆఫీసుకు వస్తూనే ఉన్నాం కదా! కానీ తెలియడం వేరు, నిర్వచించడం వేరు. చివరికి ఒక తెలుగు పండితుణ్ణి పిలిపించాలని తీర్మానం జరిగింది.

శివలెంక సోమయాజులు గారు మా ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయినవారు. ఊళ్ళో సగం మంది ఆయన చేత చెవులు మెలిపెట్టించుకున్నవాళ్ళమే. రిటైరయ్యాక ఆయన్ను ఒక్క మాటకు అర్థం అడిగిన దిక్కు లేదు. ఇంట్లో మనవడు కూడా ఫోన్‌ను అడుగుతాడు. అలాంటిది ఆఫీసు వాళ్ళు ఆటో పంపించి మరీ ఒక మాటకు అర్థం చెప్పమనేసరికి పెద్దాయన ఇస్త్రీ కండువా వేసుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు.

"ఏవగింపు అంటే ఒక మాట కాదు నాయనా, ఒక కుటుంబం" అని మొదలుపెట్టారు. "అన్నిటికన్నా చిన్నది వెగటు. నేతి బొబ్బట్టు మొదటిది అమృతం, నాలుగోది వెగటు. ఇష్టమైనదే మరీ ఎక్కువైతే మొహం మొత్తడం. అల్లుడొచ్చి నెల్లాళ్ళు కదలకపోతే అత్తగారికి కలిగేది అది. దగ్గరికి పోబుద్ధి కాకపోతే ఏవగింపు. కళ్ళతో చూడబుద్ధి కాకపోతే అసహ్యం. తలుచుకున్నా అన్నం సయించకపోతే రోత. ఇక వీటన్నిటికీ ఇంటిపెద్ద ఒకటుంది. జుగుప్స!"

ఆ మాట దగ్గర ఆయన కుర్చీలోంచి లేచారు.

"జుగుప్స సామాన్యమైంది కాదు. బీభత్స రసానికి స్థాయీభావం. తొమ్మిది రసాల్లో ఒకటి. కావ్యంలో ఏ రసమైనా చివరికి సహృదయుడికి ఆనందాన్నే ఇస్తుంది. యుద్ధభూమిలో నక్కలు పేగులు లాక్కుంటున్నాయని కవి వర్ణిస్తే, చదివి ఒళ్ళు పులకరించినవాడే సహృదయుడు!"

కమిషనర్ గారు ముందుకు వంగారు. "అంటే ఇది నెగటివ్ కాదా మాస్టారూ?"

"రసం నెగటివ్ ఏమిటయ్యా, అప్రాచ్యం కాకపోతే!"

"ఆనందం వస్తుందంటారా?"

"బ్రహ్మానందానికి తోబుట్టువు."

కమిషనర్ గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సమావేశం వివరాలు రాస్తున్నది నేనే. 'కావ్యంలో ఏ రసమైనా సహృదయుడికి ఆనందాన్నే ఇస్తుంది' అని రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, పెన్ను తీసి, "మినిట్స్ క్లుప్తంగా ఉండాలి గవర్రాజూ" అంటూ మొదటి మాట కొట్టేశారు. ఆ ఒక్క మాట పోవడంతో ఊరి మురుగంతా రసమైపోయింది.

సోమయాజులు గారికి శాలువా కప్పారు. ఆటోలో ఇంటికి వెళుతూ ఆయన నాతో, "సర్కారులో సాహిత్యం బతికే ఉందోయ్ గవర్రాజూ" అన్నారు. ఆ సంతోషం చూసి నాకూ సంతోషమే వేసింది.

రెండో రోజుకల్లా ఉత్తర్వు వెలువడింది. 'యావన్మంది పౌరులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పట్టణమందలి మురుగు కాలువలు, చెత్త కుప్పలు, చేపల మార్కెట్టు వెనుక భాగము మొదలగు ప్రదేశములు బీభత్స రసమునకు ఆలంబనములుగా గుర్తించబడినవి. సదరు ప్రదేశముల వద్ద ఆనందము పొందువారు సహృదయులుగాను, పొందనివారు శిక్షణ అవసరమైన వారుగాను పరిగణించబడుదురు.'

ఆ తరువాత పనులు చకచకా సాగాయి. మా ఆఫీసులో పనులు చకచకా సాగడం నేను అదే చూడటం. బీభత్సానికి రంగు నీలం అని సోమయాజులు గారు ఫోన్‌లో చెప్పారు కనుక చెత్త కుప్పల చుట్టూ నీలం రంగు వేయించాం. కుప్ప తీసేస్తే రసానికి ఆధారం పోతుంది కనుక చెత్త బళ్ళు తిరగడం ఆపించాం. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే రసాస్వాదనకు అడ్డం కనుక పారిశుద్ధ్య కార్మికుల నుంచి ఆ గుడ్డలు వెనక్కి తీసుకోవలసిందని ఒక మెమో వచ్చింది. అసలు ఎన్నడూ ఇచ్చింది లేదు కనుక వెనక్కి తీసుకోవడం ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయింది.

ముక్కు మూసుకునేవారిని పట్టుకోవడానికి 'సహృదయ దళం' అని ఒకటి బయలుదేరింది. చేపల మార్కెట్టు వెనక ముక్కు చీదుకుంటున్న ఒక పెద్దమనిషిని పట్టుకున్నారు. జలుబు అని ఆయన ఎంత మొత్తుకున్నా వినలేదు. డాక్టరు చేత రాయించి తెస్తేగాని వదల్లేదు. చేపలమ్మే అప్పాయమ్మ మాత్రం వాళ్ళని గడప తొక్కనివ్వలేదు. "ముక్కు మూసుకోకపోతే ఈగలు దూరతాయి. నీ ముక్కులో దూరినప్పుడు ఆనందపడుదువు గాని, పో!" అని కత్తిపీట ఎత్తింది. ఆమెకు శిక్షణ ఇచ్చే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

నా బల్ల మీదికి కూడా ఒక ఆదేశం వచ్చింది. రోత, కంపు, కుళ్ళు, మురికి, అసహ్యం, ఛీ, థూ, ఇలాంటి మాటలున్న ఫిర్యాదులు ఇక తీసుకోరాదు. తీసుకుంటే అవి ఆఫీసు లెక్కలోకి ఎక్కుతాయి, లెక్కలోకి ఎక్కితే పట్టణంలో ఏవగింపు ఉన్నట్టవుతుంది. నాలుగు రోజుల్లో నా బల్ల ఖాళీ అయిపోయింది. కమిషనర్ గారు వచ్చి చూసి, "చూశారా ప్రజల్లో మార్పు!" అన్నారు.

సరిగ్గా అప్పుడే గానుగ వీధి అంగన్‌వాడీ టీచరు మరిడమ్మ వచ్చింది. ఒక చేతిలో సీసా, ఒక చేతిలో కాగితం. సీసాలో నీళ్ళు ఉన్నాయి. నీళ్ళనే అనుకుంటున్నాను. టీ అంత చిక్కగా ఉన్నాయి.

"మా సెంటర్ కుళాయి నీళ్ళండి. పది రోజుల నుంచీ ఇలాగే వత్తన్నాయండి. మురుక్కాలవ కింద నుంచి వచ్చే పైపు చిల్లు పడిందంట. పిల్లలకి విరోచనాలండి. పండుగాడని ఓ బుడ్డోడున్నాడు, మూడేళ్ళు కూడా లేవు, ఆడు మరీ నీరసించిపోయాడు. ఇంటికాడా అదే కుళాయి నీళ్ళే కదండీ. ముందు ఆ పైపు బాగు చేయించండి బాబూ."

నేను కాగితం చదివాను. మొదటి వాక్యంలోనే 'రోత' ఉంది.

"అమ్మా, ఈ మాట తీసుకోము."

"ఏ మాటండీ?"

"రోత."

"పోనీ కంపు అని రాయనా?"

"అదీ పనికిరాదు."

"కుళ్ళు నీళ్ళు?"

నేను తల అడ్డంగా ఊపాను. నాకు మాత్రం ఆనందంగా ఉందా? సీసాకు మూత లేకపోవడంతో నా చేయి ముక్కు దాకా పోబోయింది. కానీ సహృదయ దళం వాడొకడు గుమ్మంలో నిలబడి నా ముక్కు వంకే చూస్తున్నాడు.

మరిడమ్మ నడుం మీద చేయి వేసుకుంది. "మరేం రాయాలో మీరే చెప్పండి. నాకు కావలసింది మాటలు కాదు, నీళ్ళు."

అధికారిక పదజాలం చూసి నేనే ఆమె తరఫున రాశాను. 'గానుగ వీధి అంగన్‌వాడీ కుళాయి నీటియందు గత పది దినములుగా బీభత్స రసము అధికమైనదని మనవి.' మరిడమ్మ చదువుకుని నన్ను అదోలా చూసింది. అయినా సంతకం పెట్టింది. పిల్లల కోసం మనిషి దేని కిందైనా సంతకం పెడుతుంది.

ఆ కాగితం భద్రం గారి దగ్గరికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో ఇలా ఉంది. 'సంతోషం. పౌరురాలికి అభినందనలు. ఫిర్యాదు పరిష్కరించబడినది.'

మర్నాడు మరిడమ్మ మా ఆఫీసుకు రాలేదు. సీసా పట్టుకుని తిన్నగా సోమయాజులు గారి ఇంటికి వెళ్ళింది. ఆయన ఇల్లు గానుగ వీధి వెనకే. మంచినీళ్ళు డబ్బాల్లో తెప్పించుకుంటారు కనుక పెద్దాయనకు ఊరి సంగతి ఏమీ తెలియదు. మరిడమ్మ ఆ నీళ్ళు గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టి, "రసం బాబూ, పుచ్చుకోండి. తమరు చెప్పిందేనంట" అందిట.

ఆయన గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకుని, "ఛీ ఛీ ఛీ!" అంటూ పెరట్లోకి పరిగెత్తారు. నోరు పుక్కిలించుకుని వచ్చి, జరిగిందంతా విని, కండువా కూడా మరిచిపోయి మా ఆఫీసుకు నడిచి వచ్చారు.

"నేను కావ్యంలో అన్నాను! కావ్యంలో!" అని కమిషనర్ గారి గదిలో అరిచారు. "పద్యంలో నక్క పేగు లాగితే రసం. వీధిలో నక్క నా పేగు లాగితే అది రసమెలా అవుతుందయ్యా, నా చావవుతుంది గాని!"

కమిషనర్ గారు నవ్వు చెదరనివ్వలేదు. "మాస్టారూ, తమరి నిర్వచనం కౌన్సిల్ ఆమోదం పొందినది. దానిని ఉపసంహరించాలంటే తమరి కంటే సీనియర్ పండితుడు రాతపూర్వకంగా ఖండించవలసి ఉన్నది."

"నాకంటే సీనియర్లంతా పోయారు నాయనా."

"అయితే నిర్వచనం శాశ్వతం."

పెద్దాయన కుర్చీలో కూలబడ్డారు. మాట వెనక్కి రాదని ఆయనే మాకు వందసార్లు చెప్పి ఉంటారు. కాసేపటికి ఆయన కళ్ళు మళ్ళీ మెరిశాయి. శాస్త్రంతో పడ్డ చిక్కును శాస్త్రంతోనే విప్పుదామనుకున్నారు. పండితుడి బుద్ధి అది, మరో దారి తోచదు.

"సరే! మీకు శాస్త్రమే కావాలి కదా? రసాలకు పరస్పర విరోధం ఉంది. బీభత్సానికి బద్ధశత్రువు శృంగారం. లోకంలో ఏది శుచిగా, స్వచ్ఛంగా ఉంటే దాన్ని శృంగారంతోనే పోల్చాలని పెద్దలన్నారు. మంచినీళ్ళు శుచి. అంటే మంచినీటి పైపులో పారేది శృంగారం. కాలవలోది బీభత్సం. ఈ రెండూ ఒకే గొట్టంలో కలవడం రసాభాస! ఘోరమైన దోషం! ఆ నిర్ణేతలెవరో వచ్చి ఇది చూస్తే మీకు బహుమతి కాదు కదా, చీపురుపుల్ల కూడా రాదు. తక్షణం ఆ రెంటినీ విడదీయండి."

కమిషనర్ గారి నవ్వు మొదటిసారి చెదిరింది. భద్రం గారిని పిలిపించి, "రేపు మధ్యాహ్నం నిర్ణేతలు వస్తున్నారు. ఈలోగా రసాలు విడిపోవాలి" అని ఆజ్ఞాపించారు. సోమయాజులు గారు విజయగర్వంతో బయటికి వచ్చి నా భుజం తట్టారు. "చూశావుటోయ్, శాస్త్రం ఎక్కడికీ పోలేదు."

నేను కూడా నమ్మాను. అంత పెద్ద చదువు, అంత చిన్న పైపు, పని జరగక ఏమవుతుందనుకున్నాను.

పొద్దున్నే ఆఫీసుకు వచ్చేసరికి నా బల్ల మీద ఉత్తర్వు నకలు ఉంది. 'గానుగ వీధి పసిపిల్లల కేంద్రమునందు శృంగార రసము సరఫరా అగుచున్నట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది. బాలల నైతిక శ్రేయస్సు దృష్ట్యానూ, రస విరోధ నివారణార్థమునూ సదరు శృంగార సరఫరా తక్షణమే నిలిపివేయబడినది.'

నేను భద్రం గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన తాపీగా కాఫీ తాగుతున్నారు.

"రెండు రసాలు కలవకూడదన్నారు. ఒకటి ఆపేశాం. మురుగు ఆపడం కష్టం, రోడ్డు తవ్వాలి. మంచినీళ్ళయితే వాల్వు తిప్పితే సరి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో చూశాను గాని, ఆ క్షణంలో ఆ కాఫీ కప్పు మీద, ఆ ఎర్ర సిరా మీద, అక్కడ నిలబడ్డ నా మీద కూడా నాకు కలిగింది అచ్చమైన రోత. అధికారికంగా అది అప్పటికే రద్దయి ఉంది.

మధ్యాహ్నం నిర్ణేతల బృందం వచ్చింది. దానికి పెద్ద ఒక మేడమ్, ఆమె వెనక మరో ఇద్దరు. కమిషనర్ గారి గది పూలతో అలంకరించాం. కింద నీలం రంగు కొత్త తివాచీ పరిచాం. ఏసీ చల్లగా వేశాం. కమిషనర్ గారు గోడ మీది పటాలు చూపిస్తూ, "మా పట్టణంలో గత కొద్ది రోజులుగా ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదు మేడమ్" అంటుండగా తలుపు తెరుచుకుంది.

ముందు మరిడమ్మ వచ్చింది. ఆమె వెనక ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, చుక్ చుక్ అంటూ, అంగన్‌వాడీ పిల్లలంతా రైలు కట్టి వచ్చారు. వాళ్ళ వెనక అన్నం గిన్నె, గుడ్ల తపేలా మోసుకుంటూ ఆయా. ఆఖరున, గార్డులాగా, సోమయాజులు గారు.

"ఏమిటిది?" అన్నారు కమిషనర్ గారు, నవ్వుతూనే.

"సెంటరండి" అంది మరిడమ్మ. "మా కాడ నీళ్ళు ఆపేశారు కదండీ. మాస్టారి డబ్బా నీళ్ళతో అన్నం వండేశాను గాని, పిల్లలకి తాగడానికేం పొయ్యను, మూతులెలా కడగను? ఇక్కడ మీ గది మూల పెద్ద నీళ్ళ డబ్బా ఉందని గవర్రాజు గారు చెప్పారండి. అందుకని సెంటర్ ఇక్కడే పెట్టేత్తన్నానండి. రండర్రా, కూచోండి."

నేను చెప్పలేదు. కానీ కాదనలేదు.

పిల్లలు తివాచీ మీద బాసింపట్లు వేసుకున్నారు. అంత మెత్తటి చోట వాళ్ళెప్పుడూ కూర్చోలేదు. ఒకడు పడుకుని దొర్లాడు. ఒకత్తి పూలు పీకి జడలో పెట్టుకుంది. గుడ్డు పచ్చసొన కమిషనర్ గారి సోఫాకు అంటింది. ఒక చీమిడి ముక్కు ఆయన ప్యాంటుకు తుడుచుకుంది. మేడమ్ గోడ మీది పటాలు వదిలేసి పిల్లల్నే చూస్తోంది. కమిషనర్ గారు నవ్వుతూనే ఉన్నారు. నవ్వక చస్తారా?

"మా పట్టణంలో బాలలను కూడా సహృదయులుగా పెంచుచున్నాము మేడమ్" అన్నారు.

అప్పుడు పండుగాడు లేచాడు. నీరసంగా ఉన్నాడు, కళ్ళు లోపలికి పోయాయి. రెండడుగులు వేసి కమిషనర్ గారి కుర్చీ పక్కన నిలబడి, ఎటో చూస్తూ నిశ్శబ్దంగా అయిపోయాడు. పిల్లల్ని పెంచినవాళ్ళకు ఆ నిశ్శబ్దం అర్థం తెలుసు. ఆయా "అయ్యో, అయ్యో!" అని లేచేలోపే జరగవలసింది కొత్త తివాచీ మీద జరిగిపోయింది. కమిషనర్ గారి బూటు మీద కూడా కొంత జరిగింది.

ఏసీ గది, తలుపులు వేసి ఉన్నాయి. నేను వివరించను.

కమిషనర్ గారు ఊపిరి బిగపట్టారు. భుజాలు దగ్గరికి ముడుచుకుపోయాయి. మూతి ఒక పక్కకు తిరిగింది. కళ్ళు చిన్నవయ్యాయి. గోడకు చేరగిలబడ్డ సోమయాజులు గారు తరగతిలో చెబుతున్నట్టు, "గమనించండి. అవయవ సంకోచం! ముఖం వంకర! నేత్రాలు ముడుచుకొనుట! శాస్త్రంలో ఎలా ఉందో అలాగే!" అన్నారు.

"ఛీ!" అన్నారు కమిషనర్ గారు. బిగపట్టిన ఊపిరంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. "ఛీ ఛీ! రోత! కంపు! ఎవర్రా అక్కడ, తీయండి దీన్ని! తీయండి ముందు!"

గుమ్మంలో ఉన్న సహృదయ దళం వాడు ఏం చేయాలో తోచక కమిషనర్ గారి మీద చేయి వేయబోయి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"కమిషనర్ గారూ, ఇప్పుడు మీరేమన్నారు?" అని అడిగింది మేడమ్.

మరిడమ్మ పండుగాణ్ణి ఎత్తుకుని, కొంగుతో వాడి కాళ్ళు తుడుస్తోంది. తల ఎత్తి మాట్లాడింది. గొంతు పెద్దది చేయలేదు.

"రోత అన్నారండి. నేను కాయితంలో రాసిన మాటే అది, తీసుకోమన్నారు. మీ కుళాయి నీళ్ళేనండీ ఇవి, ఈడి కడుపులో నుంచి వచ్చాయి, అంతే. ఈడి కడుపులోకి ఎళ్ళేటప్పుడు రసం, మీ బూటు మీద పడితే రోతాండి?"

పోలారావు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. మేడమ్ పిల్లవాడి నుదుటి మీద చేయి పెట్టి చూసి, తన కారులో వాణ్ణి ముందు ఆసుపత్రికి పంపమని చెప్పింది. ఆయా వాణ్ణెత్తుకుని వెళ్ళింది.

కమిషనర్ గారు బూటు విప్పేసి, ఒంటి కాలి మీద నిలబడి, కొండల మీద శిబిరానికి వెళ్ళక ముందు మాకు అలవాటైన ఆ పాత గొంతుతో అరిచారు.

"భద్రం! ఆ గానుగ వీధి పైపు తవ్వించండి!"

"సార్, ఎస్టిమేట్, టెండరు, పై అనుమతి..."

"ఇప్పుడే! లేకపోతే ఈ పిల్లల్ని మీ గదిలో కూర్చోబెడతా!"

గంటలో జేసీబీ వచ్చింది. మాకు జేసీబీ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. పోలారావు దగ్గరుండి తవ్వించాడు. చిల్లు మనిషి పిడికిలంత ఉందిట. పొద్దు వాలేసరికి కొత్త పైపు వేసి, కడిగి, వాల్వు తిప్పారు. ఆ పనికి కారణం ఏమని రాయాలని నేను కమిషనర్ గారిని అడిగాను. ఆయన "రోతగా ఉంది, అందుకని. అలాగే రాయండి" అన్నారు.

బహుమతి మాకు రాలేదని వేరే చెప్పనక్కర లేదు. ఏవగింపును పూర్తిగా నిర్మూలించి ఒక్క పూటలో పునరుద్ధరించినందుకు ప్రోత్సాహక ప్రశంసాపత్రం మాత్రం ఇచ్చారు. అది ఏ శాఖ గోడకు తగిలించాలనే విషయం ఇంకా పరిశీలనలో ఉంది.

ఆ సాయంత్రం భద్రం గారు చేతులు దులుపుకుంటూ వచ్చి, "అయిపోయిందమ్మా, ఇక పిల్లల్ని తీసుకెళ్ళు" అన్నారు. పిల్లల్లో సగం మంది తివాచీ శుభ్రంగా ఉన్న వైపు నిద్రపోతున్నారు. మిగతావాళ్ళ తల్లులు కూడా వచ్చి చేరారు. పండుగాడికి సెలైన్ ఎక్కించారని, కళ్ళు తెరిచి బిస్కెట్టు అడిగాడని కబురొచ్చింది. మరిడమ్మ మాత్రం కదల్లేదు.

"నీళ్ళు తెప్పించండి. ముందు తమరు తాగండి."

"నేనా?"

"ఆయ్, తమరేనండి."

పోలారావు సైకిల్ మీద వెళ్ళి, గానుగ వీధి కుళాయి నుంచి స్టీలు చెంబుతో నీళ్ళు తెచ్చాడు. భద్రం గారు చెంబు అందుకున్నారు. అందరి వంకా చూశారు. పైకెత్తబోయి ఆగారు. చెంబు ముక్కు దగ్గరికి తెచ్చుకుని కళ్ళు మూసుకుని గట్టిగా వాసన పీల్చారు. నా సర్వీసులో ఒక అధికారి మా మునిసిపాలిటీ నీళ్ళు వాసన చూడటం అదే మొదలు.

"వాసన లేదు" అన్నారు ఎంతో ఆశ్చర్యంగా, ఇంకోసారి పీల్చి. గటగటా తాగేశారు.

మరిడమ్మ చెంబులో అడుగున మిగిలిన గుక్కెడు తాను కూడా తాగి చూసింది. అప్పుడు పిల్లల్ని లేపింది.